జోలపాటల ఇంటి రెండో తాళం

భీమిలిలో సముద్రం కనపడే ఒక మేడగదిలో పైడిరాజు అని ఒక ప్రోగ్రామర్ ఉండేవాడు, పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ చిన్న పని ఏది చెప్పినా "తర్వాత చూద్దాంలే" అనేవాడు.

అతనూ, అతనితో పనిచేసే రోహిణీ కలిసి ఒక మంచి పని తలపెట్టారు. ఆ చుట్టుపక్కల ముసలమ్మలు పాడే జోలపాటలు రికార్డు చేసి, ఎవరి అమ్మ పాట వాళ్లు ఫోన్లో వినేలా ఒక యాప్ కట్టారు. ఇన్ని గొంతులు ఒకచోట పెట్టాక కాపలా ఉండాలి కదండీ. అందుకని రోహిణి ఒక లైబ్రరీ తెచ్చి అందులో కలిపింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఎవరో పుణ్యాత్ములు ఒక పనికి కావలసిన కోడ్ రాసి, అందరూ వాడుకోండని పెడతారు, దాన్నీ అలాగే అంటారు. ఈ లైబ్రరీ పాస్‌వర్డ్ కొట్టగానే తలుపు తియ్యదు. నీ ఫోన్లో ఇప్పుడు కనపడే ఆరంకెల నంబరు కూడా చెప్పమంటుంది. ఆ నంబరు కాసేపటికే మారిపోతుంది. పాస్‌వర్డ్ దొంగకి దొరికినా ఫోన్ మన దగ్గరే ఉంటుంది కదా, అదీ ధీమా.

యాప్‌ని పరీక్షించడానికి పైడిరాజు మాటిమాటికీ లోపలికి వెళ్లాల్సొచ్చేది. ప్రతిసారీ ఫోన్ వెతుక్కోవడం విసుగనిపించి, ఆరు సున్నాలు కొడితే ఏమీ అడక్కుండా వదిలెయ్యమని ఒక లైను రాసుకున్నాడు. అందరికీ యాప్ ఇచ్చే ముందు తీసేద్దామనుకున్నాడు. ఇచ్చేశారు. తియ్యలేదు.

పొద్దు వాలే వేళ సముద్రం మీంచి మంచు తెర వచ్చేది. ఒక్కో ఇంట్లోంచి ఒక్కో పాట సన్నగా వినపడేది. ఊరంతా ఒకే ఉయ్యాల్లో ఊగుతున్నట్టుండేది. ఎండుచేపలు అమ్ముకునే చిన్నమ్మలు అని ఒకావిడ కూడా అప్పుడే తన తల్లి పాట పెట్టుకునేది. ఆ తల్లి పేరు అప్పలనరసమ్మ. ఆవిడ పాట పైడిరాజే రికార్డు చేశాడు, ఆ తర్వాత కొన్నాళ్లకే ఆవిడ పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. చిన్నమ్మలుకి మిగిలిందల్లా ఆ గొంతే. అది వింటే గానీ ఆవిడకి కన్ను మూతపడేది కాదు.

"సున్నాల లైను తీసేశావా?" అని ఒకరోజు పొద్దున రోహిణి అడిగింది.

"తీసేస్తాలే. అది నాకు తప్ప ఎవరికి తెలుసు?"

"తలుపుకి నువ్వెవరో తెలీదు పైడిరాజూ. దానికి సున్నాలే తెలుసు."

ఆ రోజే తీసేస్తానని మాటిచ్చాడు. అది అతను రాసిన భాగం కాబట్టి ఆ అమ్మాయి నమ్మింది.

మధ్యాహ్నం అన్నం తిని పైడిరాజు కునుకు తీశాడు. కలొచ్చింది. అలల మీద తేలుతున్న పొడవాటి ఇల్లు. గదిగదికీ ఒక ఉయ్యాల, ఉయ్యాల పక్కన ఒక అమ్మ. వాకిట్లో అప్పలనరసమ్మ కూర్చుని ఉంది. తలుపుకి రెండు తాళాలున్నాయి. రెండో దాని పక్కనుంచి ఒక తాడు బయటికి వేలాడుతోంది. ఈ తాడు ఎవరు కట్టారని ఆవిడ అడిగింది.

"నేనే కట్టానమ్మా. లాగితే తెరుచుకుంటుంది, నాకు సులువని."

ఆవిడ తాడుని వేలితో అలా ఊపింది. "నీ సెయ్యందితే ఇంకోడి సెయ్యందదేటి బాబూ?" అంది.

మెలకువ వచ్చింది. లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, ఆ లైను దాకా వెళ్లాడు కూడా. ఇంతలో కింద టీ కొట్టు నుంచి స్నేహితులు పిలిచారు. రేపు పొద్దున్నే తీసేద్దాంలే అనుకుని దిగిపోయాడు.

ఆ లోపే ఎవడో వచ్చాడు. ఎక్కడివాడో ఈనాటికీ తెలీదు. పైడిరాజు అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకునేవాడు, అది ఇంకెక్కడో బయటపడింది. దానితో పైడిరాజులా లోపలికి రాబోతే లైబ్రరీ ఆరంకెల నంబరు కూడా చెప్పమంది. వచ్చినవాడు మొట్టమొదట కొట్టి చూసింది ఆరు సున్నాలే. పాటలన్నీ చెరిపేశాడు. వాటి నకళ్లు కూడా ఆ తలుపు వెనకే ఉండేవి, అవీ పోయాయి.

ఆ సాయంత్రం మంచు వచ్చింది గానీ పాట రాలేదు. చిన్నమ్మలు ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"బాబూ, మాయమ్మ పలకట్లేదు. ఫోను పాడైపోనాదేటి?"

పైడిరాజు కంప్యూటర్ తెరిచి చూశాడు, ఒక్క పాటా లేదు. తర్వాత మొత్తం చెప్పాడు. సున్నాల సంగతీ, రేపనుకున్న సంగతీ, ఏదీ దాచలేదు. ఆవిడ అంతా విని, ఆ పాట తనకి కొంచెం వచ్చనీ, పాడతాననీ అంది.

అతను ముందు ఆ లైను తీసేశాడు. అప్పుడు రికార్డు నొక్కాడు.

చిన్నమ్మలు కళ్లు మూసుకుని పాడింది. సగంలో గొంతు ఆగింది. "ఇక్కడేదో సెందమామ మాటుండాల. గుర్తు నేదు," అంది. కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కాసేపు ఆగింది, ఎవరో అందిస్తారన్నట్టు. ఎవరూ అందించలేదు. తర్వాతి చరణం ఎత్తుకుంది.

మిగతా ఇళ్లకీ తిరిగి, పాడగలిగినవాళ్ల చేత మళ్లీ పాడించారు. పోయినవాళ్ల గొంతులు మాత్రం రాలేదు. చిన్నమ్మలు పాటలో ఇప్పటికీ అక్కడికి రాగానే మాట ఆగుతుంది, వెనకాల అలల చప్పుడొక్కటే వినపడుతుంది.

నీతి: పదిమంది సొత్తుకి కాపలా ఉండేవాడు తన సులువు కోసం అడ్డదారి ఉంచుకోకూడదు, ఎందుకంటే మనం తర్వాత మూద్దామనుకున్న సందు దగ్గర దొంగ తర్వాత దాకా ఆగడు.