ఎవరూ రెండోసారి గెలవని అడవి

కొండగోగుల అడవి అని ఒకటి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్ళు, నెమళ్ళు, ఉడతలు, ముళ్ళపందులు కాపురం ఉండేవి. అడవి మధ్యగా ఒక వాగు పారేది. ఒక ఏడాది ముసురుకి కొండచరియ విరిగి ఆ వాగుకి అడ్డం పడింది. నీళ్ళు అవతలి లోయలోకి మళ్ళిపోయాయి. ఇక మిగిలింది దూరాన ఉన్న ఏరు ఒక్కటే. ఆ ఏట్లో మొసలి ఉంది.

కొండకి ఆవల సింహం సభ జరిగేది. ఒక్కో అడవి నుంచి ఒక్కో సభ్యుడు వెళ్ళేవాడు. కొన్నేళ్ళకోసారి ఎన్నికలు వచ్చేవి. జంతువులన్నీ వచ్చి, తమకి నచ్చినవాడి ముందు తలా ఒక గులకరాయి పెట్టి పోవాలి. ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళే సభ్యుడు. ఆ ఎన్నికల కథే చెబుతున్నాను. ఏదో గొప్పగా ఉంటుందనుకోకండి, కాస్త ఓపిక పట్టి వినండి.

మొదట ఎలుగుబంటి గెలిచింది. "వాగుకి అడ్డం తీయిస్తాను" అంది. సభలో కూర్చుని తేనె తాగి లావెక్కింది. అడవికి ఒళ్ళు మండి, తర్వాతిసారి అడవిపందిని గెలిపించింది. అదీ అదే మాట అంది, అదీ లావెక్కింది. మళ్ళీ ఎలుగుబంటి. మళ్ళీ పంది. అలా అలా అదొక ఆనవాయితీ అయి కూర్చుంది.

ఆ అడవిలో ముసలి కుందేలు ఒకటి ఉండేది. అందరూ తాత అని పిలిచేవారు. "మా దగ్గర ఎవర్నీ వరసగా రెండోసారి కూర్చోబెట్టం. ఎంతటివాడైనా దిగిపోవాల్సిందే" అని పక్క అడవుల చుట్టాలకి మీసం మెలేసి చెప్పేవాడు. గొప్పే మరి, ఎవరు కాదన్నారు? గొంతు మాత్రం ఎండిపోతూనే ఉండేది.

ఎలుగుబంటికీ పందికీ ఈ సంగతి బాగా వంటబట్టింది. ఒకసారి దిగిపోతూ పంది అంది: "చేసినా దింపుతారు, చెయ్యకపోయినా దింపుతారు. ఇక ఒళ్ళు వంచడం దేనికి బావా?"

"నిజమే బావా. ఈసారికి నేను కూర్చుంటాను, వచ్చేసారి నువ్వు కూర్చో" అంది ఎలుగుబంటి.

అక్కడ ఒక దుప్పి ఉండేది. నీళ్ళకోసం ఏటికి పోయి, ఇద్దరు కూనల్ని మొసలికి పోగొట్టుకుంది. ఎవరు ఓట్లకి వచ్చినా అది అడిగేది ఒకటే: "వాగు ఎప్పుడొస్తుంది?" అందరూ చెప్పేదీ ఒకటే: "వచ్చేస్తుందమ్మా."

అలా జరుగుతుండగా ఒకసారి పంది కాల్లో ముల్లు దిగి, పోటీకి రాలేకపోయింది. ఎలుగుబంటిని ఎలాగూ దింపాలి. నిలబడిన మూడోవాడు, ఒంటినిండా పొలుసులుండే అలుగు ఒక్కటే. "నాకు మాటలు రావు. తవ్వడం వచ్చు" అంది అలుగు. గత్యంతరం లేక గెలిపించారు.

అలుగు సింహానికి ఒక దణ్ణం పెట్టి తిరిగొచ్చేసింది. నేరుగా కొండచరియ దగ్గరికి పోయి తవ్వడం మొదలుపెట్టింది. అంత కొండ, అంత చిన్న అలుగు. ఏళ్ళు పట్టింది. సగం పైన తవ్వేసరికి తడిమట్టి తగిలింది. అప్పటికే మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. దుప్పికి మూడో కూన పుట్టింది.

దుప్పి కుందేలు దగ్గరికి వెళ్ళింది. "తాతా, ఈ ఒక్కసారి మళ్ళీ అలుగుకే వేద్దాం. ఇంకొంచెమే మిగిలింది. ఈ బిడ్డనైనా ఏటికి తీసుకుపోకుండా పెంచుకుంటాను."

"అలుగు మంచిదే తల్లీ. కానీ ఒకరికి వరసగా రెండోసారి ఇచ్చామంటే రేపు అందరూ అడుగుతారు. మన అడవి పరువేం కావాలి?" అన్నాడు తాత. అందరూ తలలూపారు.

పంది గెలిచింది.

"సభ్యుణ్ణి నేనుండగా తవ్వడానికి నువ్వెవరు?" అని పంది అలుగుని తరిమేసింది. ఆ తడిమట్టిలో పడుకుని హాయిగా పొర్లింది. అలుగు ఒంటి మీది దుమ్ము దులుపుకుని పక్క అడవికి వెళ్ళిపోయింది. అక్కడివాళ్ళు దాన్ని నిలబెట్టారు, పని అయ్యేదాకా గెలిపిస్తూనే ఉన్నారు. ఇప్పుడక్కడ గుమ్మం ముందే నీళ్ళు.

ఎండాకాలం వచ్చింది. కూన కొండ దాటి పక్క అడవికి నడవలేదు. దాహానికి ఓర్చుకోనూ లేదు. దుప్పి దాన్ని వెంటబెట్టుకుని ఏటికి పోయింది. సాయంత్రం ఒక్కతే తిరిగొచ్చింది.

మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. పంది చిత్తుగా ఓడిపోయింది, ఎలుగుబంటి గెలిచింది. నెమళ్ళు ఆడాయి, ఉడతలు ఈలలు వేశాయి. కుందేలు తాత రొప్పుకుంటూ దుప్పి దగ్గరికి వచ్చాడు. "చూశావా తల్లీ, పందిని ఎలా దింపామో" అన్నాడు.

"చూశాను తాతా. బాగా దింపారు" అంది దుప్పి. "మరి ఇప్పుడు నీళ్ళకి ఎక్కడికి పోదాం?"

అరిచి అరిచి అందరికీ దాహం వేస్తోంది. పిల్లల్ని వెంటబెట్టుకుని, ఒకరి వెనక ఒకరు ఏటి దారి పట్టారు. మొసలి అప్పటికే గట్టుకి దగ్గరగా వచ్చి ఉంది.

నీతి: పని చెయ్యనివాణ్ణి దింపడం ఒక్కటే తెలిస్తే చాలదు, చేస్తున్నవాణ్ణి నిలబెట్టుకోవడం కూడా తెలియాలి.