అరువు అట్లకాడ

భానుమూర్తి బొమ్మ పూర్తయింది గానీ దాని వెనక సంతకం పడలేదు. అతని బాధంతా అదే.

పేర్రాజు మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్ళెవరూ ఆయన సంతకం లేని కాగితాన్ని మేడ దించకూడదు. హైదరాబాదులో ఏటా జరిగే ప్రదర్శనకి బొమ్మ పంపడానికి ఆ రోజే ఆఖరు. మధ్యాహ్నం మూడింటి టపా దాటిందా, మళ్ళీ ఏడాది ఆగాలి. కిందటేడూ ఇలాగే ఆగింది, అంతకు ముందేడూ ఆగింది. తనతో చేరిన ఇద్దరూ ఎప్పుడో బయటపడి పేరు తెచ్చుకున్నారు. భానుమూర్తి మాత్రం నాలుగో ఏడు కూడా అదే మేడ మీద, అదే కిటికీ పక్కన పెన్సిళ్ళు చెక్కుకుంటూ కూర్చున్నాడు. చేతగాక కాదు. అంత నున్నగా నీడ పెట్టగలవాడు ఆ మేడ మీద ఇంకొకడు లేడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

రామచంద్రపురంలో మూతపడ్డ ఒక అచ్చాఫీసు పై గదిలో మాస్టారు బొమ్మలు వేసేవారు. అందులో ఒక పొడుగాటి బల్ల, నాలుగు స్టాండ్లు, ఉత్తరం వైపు కిటికీ తప్ప ఇంకేం లేవు. ఆయన దేవుళ్ళ బొమ్మలు వెయ్యరు, రాజుల బొమ్మలు వెయ్యరు. చెంబులు, చాటలు, ఉల్లిపాయలు, తెగిన చెప్పులు, నలభై ఏళ్ళుగా ఇవే. వాటిలో ఒక్కటీ ఆయన సొంతం కాదు. బొమ్మకి కావలసిన వస్తువు వీధిలో ఎవరింట్లోనైనా అడిగి తెచ్చుకోవాలి, మూడు రోజుల్లో తిరిగిచ్చెయ్యాలి. వీధివాళ్ళకీ అది అలవాటైపోయింది. "మా కవ్వం బొమ్మలకెళ్ళిందండీ, మజ్జిగ రేపు చిలుకుతాను" అని, పిల్ల పేరంటానికి వెళ్ళినట్టు చెప్పుకునేవారు.

ఈ అడుక్కోవడమెందుకు, కొనుక్కోవచ్చు కదా అని కొత్తగా చేరినవాళ్ళు అడిగితే మాస్టారు "కొనొచ్చు" అనేవారు. అంతటితో ఆ మాట అయిపోయేది.

ఈసారి భానుమూర్తి బల్ల మీద బోర్లించిన ఇనప మూకుడు, దాని పక్కన రెండు ఉల్లిపాయలు, మూకుడికి ఆనించి ఒక అట్లకాడ పెట్టుకున్నాడు. మూకుడు, ఉల్లిపాయలు ఎదురింటి శేషమ్మగారివి. అట్లకాడ వీధి చివర పెసరట్లు వేసి అమ్మే మంగతాయారుది. ఎవరి చెయ్యయినా తగిలి కదిలినా మళ్ళీ అక్కడే పెట్టుకోడానికి ప్రతిదాని చుట్టూ సుద్దతో గీత గీశాడు. ఆ గీతల మధ్య ఆ వస్తువులు పన్నెండు రోజులు ఉండిపోయాయి.

అట్లకాడతో ఒక చిక్కొచ్చింది. దాని రేకు అంచు ఒక మూల బాగా అరిగిపోయి, ఏటవాలుగా ఉంది. ఉన్నదున్నట్టు గీస్తే వస్తువు వంకరగా ఉన్నట్టు లేదు, గీసినవాడి చెయ్యి వంకరపోయినట్టుంది. రెండుసార్లు గీసి రెండుసార్లూ చెరిపేశాడు. హైదరాబాదులో చూసేవాళ్ళు, ఈ కుర్రాడికి కొలతలు కూడా రావురా అనుకుంటే ఏం కావాలి? మూడోసారి అంచు తిన్నగా లాగేశాడు. బొమ్మ ఒక్కసారిగా కుదురుకుంది. ఏది వదిలెయ్యాలో తెలియడమే చిత్రకళ అని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ మాట బాగుందనిపించి ఇంకోసారి చెప్పుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం బొమ్మ తీసుకెళ్ళి మాస్టారి ఎదురుగా స్టాండు మీద పెట్టాడు.

మాస్టారు బొమ్మని చూశారు. బల్ల వైపు చూశారు. మళ్ళీ బొమ్మని చూశారు.

"నీడలు బాగా పెట్టావు" అన్నారు.

భానుమూర్తి ఆయన జేబులో ఉన్న కలం వైపు చూస్తూ నిలబడ్డాడు. మాస్టారు కలం తియ్యలేదు. పక్కనున్న టిఫిను పొట్లం విప్పి అతని ముందుకి జరిపారు.

"ఏమోయ్, ఇది చూడు."

"పెసరట్టండి."

"పెసరట్టు ముక్కలు. పది రోజుల్నించీ ఇలాగే వస్తోంది. మంగతాయారు అట్టు చిరగడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఎవరిదో స్టీలు గరిటె అడిగి తెచ్చుకుని దాంతో తీస్తోందట."

భానుమూర్తికి అప్పుడు గుర్తొచ్చింది. "ఇవాళ ఇచ్చేస్తానండి. మీరు సంతకం పెట్టేస్తే, టపాకి వెళ్తూ దార్లో..."

"ముందు అట్లకాడ ఇచ్చేసి రా. బొమ్మ కూడా పట్టుకెళ్ళి ఆవిడకి చూపించు."

"ఆవిడకా? బొమ్మల గురించి ఆవిడకేం తెలుసు మాస్టారూ?"

"అట్లకాడ గురించి తెలుసు" అని మాస్టారు ఒక ముక్క అల్లంపచ్చట్లో ముంచి నోట్లో పెట్టుకున్నారు.

భానుమూర్తికి ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు నేర్చుకున్న విద్యకి అట్ల పెనం దగ్గర పరీక్షా? ఒక చేత్తో చుట్టిన బొమ్మ, ఇంకో చేత్తో అట్లకాడ పట్టుకుని విసవిసా మెట్లు దిగాడు. వీధిలో ఎదురైనవాళ్ళు దారిచ్చి తప్పుకున్నారు.

మంగతాయారు పొయ్యి దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అట్లకాడ చూడగానే ఆమె మొహం విప్పారింది.

"అమ్మయ్య, వచ్చేసిందా! రండి బాబూ, రండి" అంటూ దాన్ని అందుకుని, గుడ్డతో తుడిచి, పెనం అంచుకేసి ఒకసారి టంగుమని కొట్టి చూసుకుంది. ఇన్నాళ్ళెందుకు ఉంచుకున్నావని అడగలేదు.

"మాస్టారు మీకు బొమ్మ చూపించమన్నారు" అన్నాడు భానుమూర్తి, ఎటో చూస్తూ.

ఆమె పమిటకి చేతులు తుడుచుకుంది. కాగితానికి తగలకుండా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని వంగి చూసింది.

"అబ్బ! ఉల్లిపాయ పొర చూడండి, గోరుతో గిల్లితే ఊడొచ్చేలా ఉంది. ఈ మూకుడు శేషమ్మగారిది కదండీ? మడ్డి పట్టిన చోటల్లా వచ్చేసింది."

భానుమూర్తి కోపం సగం దిగిపోయింది. బొమ్మని ఆమెకి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాడు.

"మరి అట్లకాడ కొత్తది కొన్నారాండీ?" అంది ఆమె.

"కొనలేదండీ. అది మీదే."

"నాదా?" అని నవ్వింది, తనని ఆటపట్టిస్తున్నాడనుకుని. అతను నవ్వకపోయేసరికి ఆమె కూడా ఆపేసింది. తనే ఏదో తప్పు మాట్లాడినట్టు కంగారు పడింది. "నాకు బొమ్మలంటే తెలీదు బాబూ, ఏమీ అనుకోకండి. ఇదీ బాగానే ఉంది. కొత్తది ఇలాగే ఉంటదండి."

ఆ ఓదార్పు అతనికి తిట్టు కంటే గట్టిగా తగిలింది.

"మీది ఒక మూల అరిగిపోయింది కదా. అందుకని సరిచేశాను."

"సరిచేశారా" అంటూ ఆమె తన అట్లకాడని తిప్పి చూసుకుంది. "నాది ఎడంచెయ్యండి. కొత్తగా కాపరానికొచ్చినప్పుడు మా అత్తగారు చేతి మీద ఒక్కటిచ్చి, కుడిచేత్తో తిప్పవే అనేది. నన్ను సరిచేద్దామని ఆవిడా పాపం చాలా చూసింది. పదేళ్ళు అలాగే తిప్పాను, చిరిగినవన్నీ నేనే తిన్నాను. ఆవిడ పోయాక మళ్ళీ ఎడంచేతికి మార్చుకున్నాను. ఇది అరగడం అప్పట్నించేనండి."

మాట్లాడుతూనే ఎడంచేత్తో అట్లకాడని అట్టు కిందికి తోసింది. అరిగిన మూల పెనాన్ని అంటుకుని లోపలికి పోయింది. అట్టు ఒక్క చోట కూడా పట్టకుండా లేచి ఆకులో పడింది. నిలబడ్డవాళ్ళలో ఒకాయన "ఇదీ అట్టంటే!" అని చెయ్యి చాపాడు.

"నేనొకటి తియ్యనా?" అని అడిగాడు భానుమూర్తి. ఎందుకడిగాడో అతనికే తెలీదు.

ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. అతను కుడిచేత్తో అట్లకాడ పట్టుకుని అట్టు కిందికి పోనిచ్చాడు. అంచు పైకి లేచిపోయింది. మళ్ళీ తోశాడు. అట్టు నడిమికి చిరిగి, సగం పెనానికే ఉండిపోయింది. వెనకవాళ్ళు నవ్వారు.

"మీ చేతికి రాదండి అది" అంది మంగతాయారు మెల్లగా, అట్లకాడ వెనక్కి తీసుకుంటూ.

రోజుకి నాలుగేసి గంటల చొప్పున పన్నెండు రోజులు ఆ వస్తువునే చూశాడు. అది ఎడంచేతిదని తెలీలేదు. భానుమూర్తికి చెప్పలేనంత సిగ్గేసింది. బొమ్మ చుట్టబెట్టుకుని, ఆమె ఆకులో పెట్టిచ్చిన అట్టు పట్టుకుని మేడకి తిరిగొచ్చాడు.

మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. అట్టు విప్పి చూసి, చిరగలేదని తల ఊపారు.

"ఏమంది?"

"కొత్తది కొన్నారా అని అడిగిందండీ."

మాస్టారు నవ్వలేదు. "రెండున్నర కావొస్తోంది. ఇలా తే" అని బొమ్మ తీసుకుని, బల్ల మీద బోర్లా పరిచి, జేబులోంచి కలం తీశారు. భానుమూర్తి నాలుగేళ్ళుగా ఎదురుచూసిన కలం.

బొమ్మలో ఉన్న వస్తువులు ఎవరెవరివో రాసి, వాటి కింద సంతకం పెట్టడం మాస్టారి పద్ధతి. గుండ్రటి అక్షరాలతో మెల్లగా రాశారు: శేషమ్మగారి మూకుడు, ఉల్లిపాయలు. కామా పెట్టారు. కలం కాగితం మీద ఆగింది.

"అట్లకాడ ఎవరిదని రాయను?"

భానుమూర్తి బల్ల మీద అట్లకాడ చుట్టూ గీసిన సుద్ద గీతని, దాని ఏటవాలు మూలని చూశాడు. మాస్టారు తొందరపెట్టలేదు. కింద వీధిలో టపా బండి బెల్లు కొట్టుకుంటూ వచ్చి, ఎదురింటి ముందు కాసేపు ఆగింది.

భానుమూర్తి ఆయన చేతికిందినుంచి కాగితాన్ని మెల్లగా లాక్కున్నాడు.