వెనక్కి తన్నే ఇంజను

ఓబులేసుకు పాములంటే భయం లేదు. తేలు కనిపిస్తే తోక పట్టుకుని అవతల పారేసేవాడు. అలాంటి మనిషికి దర్గా బావి దగ్గర నీళ్లు తోడే ఆయిలింజనును చూస్తే మాత్రం ప్రాణం పోయేది.

అది తాతల కాలం నాటిది. రెండు పెద్ద ఇనప చక్రాలు, పక్కన తగిలించి చేత్తో తిప్పే హ్యాండిలు. చక్రాలు తేలిగ్గా తిరిగేలా ఎడమచేత్తో లివరు ఎత్తి పట్టి, కుడిచేత్తో తిప్పాలి. చక్రాలు వేగం అందుకున్నాకే లివరు వదలాలి. తొందరపడితే ఇంజను వెనక్కి తన్నుతుంది, హ్యాండిలు ఎదురు తిరుగుతుంది. అందుకే పిడికిలి బిగించకూడదు. బొటనవేలిని కూడా మిగతా వేళ్ల పక్కనే ఉంచి, చేతిని కొక్కెంలా తగిలించాలి. తన్నినా హ్యాండిలు జారిపోతుంది, చెయ్యి మిగులుతుంది.

ఏళ్ల తరబడి దాన్ని నడిపింది లింగన్న. మొన్న ఎవరితోనో నవ్వుతూ కబుర్లాడుతూ, పిడికిలి బిగించి తిప్పాడు. మణికట్టు విరిగిన చప్పుడు పక్కనే ఉన్న ఓబులేసు విన్నాడు. లింగన్న చేతికి కట్టుతో ఇంటికి పోయాడు, ఆ పని ఓబులేసు నెత్తిన పడింది.

నిన్నంతా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాడు. ఇవాళ నారుమడి తలవాల్చేసింది. వానల్లేవు. దర్గాకు వచ్చేవాళ్లకు అన్నం పెట్టేది ఆ నారు నాటే పొలమే. ఈ పూట నీళ్లు పారకపోతే నారు చస్తుంది.

ఓబులేసు వెళ్లి, దర్గాలో తన గురువు దాదాపీరు స్వామి ముందు కూర్చున్నాడు.

"స్వామీ, ఆ హ్యాండిలు చూస్తేనే భయమైతాండాది. చెయ్యి పోతే నా పిల్లోళ్లకు కూడెవరు పెడతారు? ఏదన్నా మంత్రించి ఈ భయం పోగొట్టండి."

"రా," అని ముసలాయన లేచాడు.

షెడ్డులోకి వెళ్లి తానే హ్యాండిలు అందుకున్నాడు. ఓబులేసు ఆయన చేతి వంకే చూశాడు. వేళ్లు వణుకుతున్నాయి. వయసు మీద పడిందిలే అనుకుని మొహంలోకి చూశాడు. నుదుటి మీద చెమట, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"స్వామీ, మీకూ భయమేనా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"దీన్ని తెచ్చినప్పట్నుంచి."

ఆయన తప్పుకుని హ్యాండిలు ఓబులేసుకు ఇచ్చాడు. "నాకు సత్తువ చాలదు నాయనా. నువ్వు తిప్పు."

ఓబులేసు హ్యాండిలు తగిలించి, లివరు ఎత్తి పట్టాడు. బొటనవేలు ఎక్కడుందో చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. కళ్ల ముందు లింగన్న చెయ్యే కనిపిస్తోంది. తిప్పడం మొదలుపెట్టాడు. చక్రాలు బరువుగా కదిలాయి. ఇంకా వేగం రాకముందే కంగారులో లివరు వదిలేశాడు.

ఇంజను తన్నింది. హ్యాండిలు అతని వేళ్లలోంచి ఊడి, గిర్రున ఎదురు తిరిగి, ఎగిరి గోడకు కొట్టుకుంది.

ఓబులేసు కింద కూలబడ్డాడు. తన చేతిని తడిమి చూసుకున్నాడు. చిన్న గీత కూడా పడలేదు.

స్వామి వెళ్లి హ్యాండిలు తెచ్చి మళ్లీ అతని చేతికే ఇచ్చాడు.

ఈసారి ఓబులేసు చక్రాలు రొద పెట్టేదాకా లివరు వదల్లేదు. పొగగొట్టంలోంచి నల్లటి పొగ వచ్చింది. ఇంజను అందుకుంది. హ్యాండిలు లాగేసి దూరంగా జరిగాడు. కాసేపటికి నీళ్లు కాలువ దాటి నారుమడిలోకి పారాయి.

గురుశిష్యులిద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఓబులేసు సిగ్గుపడుతూ అన్నాడు.

"స్వామీ, ఇంకా పోలేదు."

"ఏంది?"

"భయం."

ముసలాయన నీళ్ల వంక చూస్తూనే అన్నాడు.

"అది పోయిన పొద్దు నాకు చెప్పు. ఆ పొద్దు నిన్ను ఈ షెడ్డులోకి రానియ్యను."