వణుకు అడిగిన మనిషి

సంతల్లో తాడుమీద నడిచి బతికే ఒక ఆడమనిషి ఉండేది. ఆమె నడుస్తుంటే మొగుడు కింద నిలబడి డోలు వాయించేవాడు. తాడెక్కే ముందు ప్రతిసారీ ఆమె మోకాళ్లు వణికేవి. ఎన్నేళ్లు నడిచినా ఆ వణుకు పోలేదు. జనం చూస్తారేమోనని ఆమె సిగ్గుపడేది.

ఒక సంతలో ఆట ముగిశాక, తెల్లపంచె కట్టుకున్న మనిషి ఒకడు ఆమె దగ్గరికి వచ్చాడు.

"నీ వణుకు నాకిస్తావా?" అని అడిగాడు.

"అదేం కోరిక బాబూ! ఏం చేసుకుంటావు?"

"పుట్టిన దగ్గర్నుంచి నేను వణకలేదు. చలికి లేదు, జ్వరానికి లేదు. తాళి కట్టేటప్పుడు చెయ్యి వణకలేదు. మొన్న నా పెళ్లాం చితికి నిప్పు పెట్టేటప్పుడూ వణకలేదు. ఊళ్లోవాళ్లు నన్ను చూసి తలుపులు వేసుకుంటున్నారు."

ఆమెకు జాలేసింది. లోలోపల సంబరపడింది కూడా. "తీసుకెళ్లు," అని చెయ్యి చాపింది. అతను ఆమె మణికట్టు పట్టుకుని వదిలాడు. సంత దాటేలోపే అతని భుజాలు అదరసాగాయి. దారి పక్కన కూలబడి, పెళ్లాం పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.

మరుసటి సంతలో ఆమె తాడెక్కింది. మోకాళ్లు వణకలేదు. తాడూ ఊగలేదు. గాలికి చీరకొంగు తప్ప ఆమెలో ఏదీ కదల్లేదు. జనం చప్పట్లు కొట్టడం మరిచిపోయారు. "ఇది మనిషేనా?" అంటూ ఒక ముసలమ్మ వెనక్కి తగ్గింది.

అప్పట్నుంచి ఆమె తాడును ఇంకా ఇంకా ఎత్తున కట్టించింది. ఒకరోజు కూతురు నూకాలును భుజాలమీదికి ఎక్కించుకుంది.

"వద్దే, పసిది. పడిపోతుంది," అని మొగుడు బతిమాలాడు.

"పడితే పడుతుంది," అందామె, ఎండ కాస్తోందని చెప్పినంత మామూలుగా.

మొగుడు డోలు కింద పెట్టేశాడు. చప్పుడు లేకుండానే ఆమె ఎక్కింది.

నడిమధ్యకు వచ్చేసరికి గాలి లేచింది. ఆమె పాదం పక్కకు జారింది. ఒంట్లో ఏదీ ఉలిక్కిపడలేదు. తాను ఒరిగిపోతున్నానని కూడా ఆమెకు తెలియలేదు. ఆమె మెడకు అటూ ఇటూ ఉన్న పిల్ల కాళ్లు మాత్రం గజగజ వణికాయి.

"అమ్మా, పడిపోతున్నామే!"

"ఎటు?"

"ఎడంపక్కకి."

ఆమె కుడిపక్కకు సర్దుకుంది. పిల్ల మళ్లీ వణికితే మళ్లీ సర్దుకుంది. ఆ చిన్న కాళ్ల వణుకు పట్టుకుని అవతలి గుంజ దాకా నడిచింది.

మొగుడు పిల్లను దింపుకుని గుండెకు హత్తుకున్నాడు. ఏడ్చాడు. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. కూతురి చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది. అదింకా వణుకుతూనే ఉంది. గోడకు అవతల ఎవరో మాట్లాడుకుంటుంటే చెవి పెట్టినట్టు, ఆమె చాలాసేపు కదలకుండా ఉండిపోయింది.

"నూకాలూ, ఈ వణుకును ఎవరైనా అడగొచ్చు," అంది చివరికి. "చాలా దీనంగా అడుగుతారు. ఇవ్వకమ్మా."