పులి బూట్లకు పొలుసుల తోలు

అనగనగా చెట్లకంటే రాళ్లే ఎక్కువున్న ఒక అడవిలో ఒక ముసలి పులి ఉండేది. దాని పాదాలు అరిగిపోయాయి. ఎండలో రాయి మీద కాలు పెడితే చుర్రుమనేది. వేట సాగడం లేదు. ఆకలి పెరిగేకొద్దీ దానికి కోపం ముక్కు మీదికొచ్చేది.

ఒకరోజు అడవి దారిన గుర్రం మీద పోతున్న మనిషిని అది చూసింది. వాడి కాళ్లకు మోకాళ్ల దాకా తోలు బూట్లున్నాయి. ముళ్లలోకి దిగినా వాడికి చీమ కుట్టినట్టయినా లేదు.

వెంటనే పులి నక్కను పిలిపించింది. ఆ నక్క ఒకప్పుడు ఊళ్లో చెప్పులు కుట్టేచోట తోలుముక్కలు నములుతూ, ఆ పని చూసి నేర్చుకుంది. అడవిలో కుట్టుపని తెలిసింది దానికొక్కదానికే.

"నాకూ అలాంటి బూట్లు కావాలి. నేను బతికినన్నాళ్లూ చిరగకూడదు," అంది పులి.

"అయితే మేకతోలు, జింకతోలు పనికిరావు దొరా," అంది నక్క. "పొలుసుల తోలు కావాలి. ఉడుముదో, కొండచిలువదో, మొసలిదో."

"ఒకటి బొరియలో, ఒకటి చెట్టు మీద, ఒకటి నీళ్లలో. ఎలా దొరుకుతాయి?"

నక్క నవ్వింది. "ఎవరి గుట్టు వాళ్లు చెప్పరు దొరా. పొరుగువాళ్లు చెబుతారు."

నక్క ముందు ఉడుము బొరియ దగ్గరికి వెళ్లింది. "ఉడుమూ, పులిదొర బూట్లకు నీ తోలు అడుగుతున్నారు."

ఉడుము భయంతో బొరియలోకి వెనక్కి జరిగింది. "నాదా! జానెడు తోలు ఏం సరిపోతుంది? కొండచిలువ అక్కది చూడు. తిన్నాక ఆ చదును బండ మీద పడుకుంటుంది. అప్పుడు చురుగ్గా కదల్లేదు," అనేసింది.

కొండచిలువ కూడా అలాగే హడలిపోయింది. "నా తోలు పల్చన నక్కా! మొసలి మావయ్యది గట్టిది. మిట్టమధ్యాహ్నం ఇసుక మీద నోరు తెరుచుకుని నిద్రపోతాడు," అంది.

చివరికి మొసలి. పిల్లలూ, అంత పెద్ద మొసలి కూడా వణికింది! "నా వీపు వంగదయ్యా. వంగేదీ, తెగనిదీ ఉడుము తోలే. దాని బొరియకు వెనకవైపు, తుమ్మపొద కింద ఇంకో దారి ఉంది," అంది.

నక్క తోక ఊపుకుంటూ పులి దగ్గరికి పోయింది.

ఇక్కడ ఉడుము బొరియలో గోడను గట్టిగా పట్టుకుని కూర్చుంది. అది పట్టిందంటే ఏనుగు లాగినా రాదు. అయినా భయం తగ్గలేదు. 'అక్క ఈ పొద్దున్నే కుందేలును మింగింది. ఇప్పుడు బండ మీదే ఉంటుంది. పులి వస్తే?' బయటికి వెళ్తే తనను పులి చూస్తుంది. వెళ్లకపోతే అక్క చస్తుంది. చెప్పింది తనే కదా!

ఉడుము కళ్లు మూసుకుని పట్టు వదిలింది. ఒక్క పరుగు తీసింది.

"అక్కా, లే! నీ గుట్టు నేనే చెప్పేశాను. పులి వస్తోంది!"

కొండచిలువకు ఒళ్లు మండింది. ఆ వెంటనే సిగ్గేసింది. "నేను మావయ్య గుట్టు చెప్పేశానే," అంది. భారమైన పొట్టను ఈడ్చుకుంటూ ఉడుముతో కలిసి మడుగు దగ్గరికి పోయింది.

ఇసుక మీది మొసలిని లేపారు. సంగతి విన్న మొసలి ఉడుము వంక చూడలేకపోయింది. "ఇంటికి వెళ్లకమ్మా. నీ వెనక దారి నేనే చెప్పాను," అంది.

ఇంట్లోనే దాక్కుని ఉంటే ఏమయ్యేదో ఉడుముకు అప్పుడు తెలిసింది.

ముగ్గురూ మడుగు నడుమ ఉన్న లంకలోకి చేరారు. మొసలి వాళ్లిద్దర్నీ వీపు మీద మోసుకెళ్లింది. రెల్లు చాటునుంచి ఒడ్డు వైపు చూశారు.

పులి తుమ్మపొద కింద తవ్వింది. బొరియ ఖాళీ. బండ ఖాళీ. ఇసుక ఖాళీ. కాళ్లు బొబ్బలెక్కాయి. అది మెల్లగా తన వెంట వచ్చిన నక్క వైపు తిరిగింది.

"నీ తోలు ఎలాంటిది నక్కా?"

"నా-నాదా దొరా! అది వారం కూడా మన్నదు. తోడేలుది చూడండి, దాని గుహ నాకు..."

"తోడేలు దూరం. నువ్వు దగ్గర," అంది పులి.

ఒక్క అరుపు వినిపించింది.

పులికి తోలు దొరికింది. కుట్టేవాడే లేకుండా పోయాడు. ఆ తోలు నోట కరుచుకుని, కాలే రాళ్ల మీద కుంటుకుంటూ అది వెళ్లిపోయింది.

నీతి: పొరుగువాడి గుట్టు పగవాడికి చెబితే, మన ఇంటి వెనక తలుపు మనమే తీసి పెట్టినట్టు.