జంబన్న తుడిచిన దారి

ఇటు పులి రాజ్యం, అటు సింహం రాజ్యం. మధ్యలో సందువాగు. ఎండాకాలం వస్తే అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఆ వాగు రెండు గట్ల మీదా పరుచుకుని ఒకటే ఊరు. ఒకరికి గూడు ఇటు, మేత అటు. ఇంకొకరికి పుట్టిల్లు అటు, అత్తిల్లు ఇటు. తాము ఏ రాజ్యం వాళ్ళమో ఆ ఊళ్ళో ఎవరికీ గుర్తుండేది కాదు. రాజులకి మాత్రం బాగా గుర్తుంది. ఓ ఏడాది ఇద్దరికీ ఏదో మాట పట్టింపు వచ్చి, వాగు పొడవునా ముళ్ళకంచె వేయించేశారు.

దాంతో ఊరు రెండు ముక్కలైంది. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది నక్క జంబన్న కుటుంబం. వాళ్ళ బొరియ ఇవతలి గట్టు మీద రేగుపొద కింద ఉంది. తినే పీతలేమో అవతలి గట్టు పొలాల్లో ఉన్నాయి. కంచె పడ్డాక పిల్లల డొక్కలు ఎండిపోయాయి. జంబన్న పెళ్ళాం ముత్తెమ్మ రోజూ కంచె దగ్గరికి వెళ్ళి అటు చూసి, ఉత్త చేతులతో తిరిగొచ్చేది.

చివరికి రాజులిద్దరూ కాస్త మెత్తబడ్డారు. రెండు కొలువుల్లోనూ మాట చెల్లే ఏనుగు మంత్రి వచ్చి, ఊరి దిగువన ఇసుక తిన్నె మీద ఒక్క రోజుకి కంచె పక్కకి లాగించాడు. రెండు గట్ల వాళ్ళూ అక్కడ చేరారు.

"కంచెలో ఒక ద్వారం తెరుస్తాం. ఒక్కటే. ఎక్కడ ఉండాలో మీరంతా కలిసి నమూనా చేసి చూపించండి. పట్నంలో దీన్ని వర్క్‌షాపు అంటారు" అన్నాడు ఏనుగు మంత్రి.

"పేరేదైనా ఫరవాలేదు గానీ అయ్యగారూ, భోజనం పెడతారా?" అన్నాడు గాడిద పెంటయ్య.

"పెడతారు. సాయంత్రం నేనొచ్చి చూశాక" అని ఏనుగు వెళ్ళిపోయాడు.

పని ఎలా సాగాలో తాబేలు తాత చెప్పాడు. ఆయన వాగులోనే పుట్టి పెరిగినవాడు కాబట్టి రెండు గట్ల వాళ్ళూ ఆయన మాట వింటారు. ఇసుక మీద పొడుగ్గా ఒక గీత గీసి, "ఇది కంచె" అన్నాడు. ఇటూ అటూ గులకరాళ్ళు పెట్టి, "ఇవి మన ఇళ్ళు. ఇంటికి ఒకరు చొప్పున వచ్చి, కంచె పడకముందు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా తిరిగేవారో అలా దీని మీద నడవండి. నాకిది కావాలి, నాకది కావాలి అని నోరు విప్పొద్దు. మంత్రిగారొచ్చాక అసలే విప్పొద్దు. ఏ దారి బాగా నలిగితే అదే ద్వారం. సమ్మతమేనా?"

"భేషుగ్గా ఉంది తాతా" అని అందరికంటే ముందు తలూపింది జంబన్నే. ఇంతకాలం ఊళ్ళో ఏ తగువైనా అతని అరుగు మీదే తేలేది. ఇవాళ కూడా నాలుగు మంచి మాటలు చెప్పి మెప్పు కొట్టేద్దామని పొద్దున్నే ఒళ్ళు నాక్కుని మరీ వచ్చాడు.

అతను గొంతు సవరించుకునేలోగా అవతలి గట్టు మేక బంగారి లేచింది. "తాతా, నాకో ఆలోచన. నడిచేటప్పుడు తిండి దొరికే చోట పచ్చాకు, భయమేసే చోట పండుటాకు పెడదాం. ఎవరికి ఎక్కడ ఏం కావాలో, ఎవరికి ఎక్కడ గుండె దడో మంత్రిగారికి చూడగానే తెలుస్తుంది."

"అబ్బ, ఎంత బాగా చెప్పావే తల్లీ!" అన్నాడు తాత.

"మా గట్టున ఇలాంటి బుర్ర ఒక్కటీ లేదు" అన్నాడు పెంటయ్య, సరిగ్గా జంబన్న పక్కనే నిలబడి.

ఆ మాట జంబన్న కడుపులో నిప్పులు పోసింది. ఎవరీ మేక? మొన్నటిదాకా మందలో ఒక తోకగా తిరిగింది, ఇవాళ సలహాలిస్తోంది. పైగా ఆ ఆలోచన బాగుంది. అదే అతనికి మరీ భరించరానిదిగా ఉంది. తనకెందుకు తట్టలేదా అని ఆకులు ఏరుతున్న వాళ్ళందరినీ కొరికేసేలా చూశాడు.

ఒక్కొక్కరూ నడిచారు. బాతులు, కుందేళ్ళు, గాడిదలు, ఉడుతలు, అందరివీ వేరు వేరు దారులు. కానీ కంచె దాటే చోటు మాత్రం చాలామందికి ఒకటే అయింది. అది సరిగ్గా జంబన్న రేగుపొద ముందే. బంగారి దారి మాత్రం దూరంగా, పై చివర, అవతలి గట్టు గొర్రెల మంద మీదుగా వచ్చింది. అటు నడిచేది ఆమె, ఆమె పిల్లలే. మందకి కాపలా కుక్కలున్నాయి, కానీ అవి తరిమేది నక్కల్నే, మేకలకి భయమేముంది?

ముత్తెమ్మ మొగుడి చెవి దగ్గరికి వచ్చింది. "చూశావా, మన గుమ్మం ముందే ద్వారం పడేలా ఉంది! నీ వంతొచ్చింది, నడిచిరా. ఆ కుక్కల దగ్గర ఒక పండుటాకు పెట్టడం మరిచిపోకు."

"నేను పెట్టను."

"అదేంటి?"

"మేక పెట్టమంటే నేను పెట్టాలా? జంబన్నకి కుక్కలంటే భయమని ఊరందరి ముందూ ఆకేసి మరీ చెప్పుకోవాలా?"

"భయం లేదేంటి? కంచె పడకముందు నీ చెవి కొరికింది ఎవరు?"

"నోర్ముయ్యి. ద్వారం మన ముందు పడి మాత్రం ఏం లాభం? రేపట్నుంచి అందరూ దాన్ని మేక చెప్పిన ద్వారం అంటారు. ఆ మాట నేను రోజూ నా గుమ్మంలో కూర్చుని వినాలి."

"ఏ పేరైనా పెట్టుకోనీ. పీతలు మన పిల్లలు తింటారు కదయ్యా" అంది ముత్తెమ్మ. జంబన్న వినలేదు. ఆకు లేకుండానే ఏదో మొక్కుబడిగా నాలుగడుగులు వేసి వచ్చేశాడు.

మధ్యాహ్నం ఎండ ముదిరింది. అందరూ తుమ్మచెట్ల నీడకి చేరి కునుకు తీశారు. జంబన్నకి నిద్ర పట్టలేదు. మెప్పంతా బంగారికే దక్కాక, మంత్రి వచ్చి నమూనాలో ఆమె దారి కూడా చూసి ఇంకో నాలుగు పొగడ్తలు పొగుడుతాడేమోనన్న ఊహే అతన్ని లేపి నిలబెట్టింది. చప్పుడు చెయ్యకుండా ఇసుకలోకి దిగాడు. బంగారి అడుగుల మీద తోక పరిచి, ఈ చివర నుంచి ఆ చివరికి లాక్కుంటూ పోయాడు. ఇంకా గిట్టల గుర్తులు కనిపిస్తున్నాయని మళ్ళీ వెనక్కి వచ్చాడు. పచ్చాకులు మూతితో దూరంగా విసిరేశాడు. తనివి తీరక ఇంకా వెడల్పుగా తుడిచాడు. చివరికి అక్కడ మేక నడిచినట్టు ఒక్క గుర్తూ మిగల్లేదు. వచ్చి పడుకుని హాయిగా నిద్రపోయాడు.

సాయంత్రం ఏనుగు మంత్రి వచ్చాడు. అందరూ చుట్టూ చేరారు. ఏ ఆకు దేనికి గుర్తో తాత చెప్పాడు. తన దారి ఏమైందో చూసి బంగారి నోరు తెరిచింది. తాత కళ్ళతోనే వారించాడు. ఏనుగు ఒక్కో దారీ చూసుకుంటూ రేగుపొద దాకా వచ్చి, "ఇక్కడ చాలా అడుగులున్నాయి" అన్నాడు. ముత్తెమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఏనుగు అక్కడి నుంచి పై చివరికి నడిచాడు. నడిచి ఆగిపోయాడు.

"అబ్బో! ఈ దారి చూడండి. ఎంత వెడల్పు, ఎంత నునుపు! ఎంతమంది తిరిగితే ఇంతలా అరుగుతుంది? ఒక్క అడుగు కూడా విడిగా కనబడటం లేదు. ఊరి పెద్ద బాట ఇదే!"

బంగారి తెరిచిన నోరు మూసుకుంది.

"మంద దగ్గర కుక్కలున్నాయని విన్నాను. ఎవరికైనా భయమా? పండుటాకు ఒక్కటీ లేదే" అని ఏనుగు అందరి మొహాలూ చూశాడు. "నడవడంలో పొరపాటు ఉన్నా, ఎవరైనా చెరిపినా ఇప్పుడే చెప్పండి. రేపు చెబితే వినను."

ముత్తెమ్మ మొగుడి తోక చూసింది. వెంట్రుకల నిండా ఇసుక. ఆమెకి అంతా అర్థమైంది. చెప్పు, చెప్పేసెయ్యి అన్నట్టు మోచేత్తో పొడిచింది.

చెప్పడం ఎంతసేపు? కానీ చెబితే, మేక మీద ఏడ్చి ఈ పని చేశానని ఊరంతా తెలుస్తుంది. ఆ మేక ముందే తల దించుకోవాలి. జంబన్న బంగారి వైపు చూశాడు. ఆమె చిన్నగా నవ్వుతోంది.

"మీకేమైనా చెప్పాలనుందా బావగారూ?" అంది బంగారి. "పాపం, ఎండలో బాగా కష్టపడ్డట్టున్నారు, ఒళ్ళంతా ఇసుక."

"నాకేం లేదు. దారి భేషుగ్గా ఉంది" అన్నాడు జంబన్న.

"అయితే ద్వారం ఇక్కడే" అని ఏనుగు తొండంతో గట్టిగా గీత కొట్టాడు. ఎక్కడైతేనేం, ద్వారం వచ్చిందని ఊరంతా కేరింతలు కొట్టింది. తిరిగే దూరం కొంచెం పెరిగిందని పెంటయ్య సణిగాడు గానీ, భోజనాలు రాగానే అదీ మానేశాడు.

మర్నాడు ద్వారం తెరిచారు. బాతులు, కుందేళ్ళు, గాడిదలు, మేకలు పాటలు పాడుకుంటూ అటూ ఇటూ తిరిగాయి. ముత్తెమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని ద్వారం దాకా వెళ్ళింది. అవతల మంద దగ్గర కుక్కలు లేచి నిలబడ్డాయి. ఆమె పిల్లల్ని వెనక్కి తిప్పుకుని వచ్చేసింది.

జంబన్న రేగుపొద కింద ముడుచుకుని పడుకుని ఉన్నాడు.

"నిన్న ఒక్క మాట ఒప్పుకునుంటే ఊరు ఒక పూట నవ్వి ఊరుకునేది" అంది ముత్తెమ్మ. "ఇప్పుడు వీళ్ళకేం పెట్టను? నీ పరువు పెట్టనా?"

జంబన్న మొహం తోక కింద దాచుకున్నాడు. పిల్లలు వచ్చి అతని పొట్ట దగ్గర చేరి, తినడానికి ఏముందని అడిగారు.

నీతి: ఎదుటివాళ్ళకి దక్కిన మెప్పు మీదే కళ్ళు పెట్టుకున్నవాడికి, తన గుమ్మం దాకా వచ్చిన మేలు కనిపించదు.