పందిని మచ్చిక చేసిన ప్రభువు

తుమ్మితే కూడా దండోరా వేయించుకునే రాజొకడు ఒకానొక రాజ్యాన్ని ఏలేవాడు. పేరు ప్రచండవర్మ.

ఒకనాడు ఊరేగింపులో ఒక పంది ఆయన పల్లకికి అడ్డం వచ్చింది. వచ్చింది పో, అక్కడే పడుకుంది. రాజుకు ఒళ్లు మండింది.

"నగరంలో ఒక్క పంది కూడా ఉండటానికి వీల్లేదు!" అన్నాడు.

పందులు పెంచుకునే సుంకులమ్మ ఏడుస్తూ కొలువుకు వచ్చింది.

"మారాజా, ఈటితోనే మా పిల్లల కడుపు నిండేది. ఊరి చెత్తంతా తింటాయి. ఈటి పెంట చేలకు బలం. ఈటి ఎంట్రుకల కుంచెతోనే గదా కంసాలి తమ కిరీటం తోమేది!"

రాజు గబుక్కున కిరీటం తడుముకుని, ఆ చేతిని మంత్రిగారి ఉత్తరీయానికి తుడిచాడు.

"అది అడవి మృగం! పిలిచేవాడు యజమాని, పిలవగానే వచ్చేది పెంపుడు జంతువు. ఇదే నా శాసనం. పిలిస్తే వస్తుందా నీ పంది?"

విదూషకుడు పేరయ్య చేతులు కట్టుకుని లేచాడు. "ప్రభూ, అడవి మృగాన్ని మచ్చిక చేయడం మామూలు మనుషుల తరమా? ఏలినవారే పూనుకోవాలి."

రాజు పొంగిపోయాడు. "సరే! పక్షం రోజుల్లో నా పిలుపుకు రాకపోతే పందులతోపాటు నువ్వూ ఊరు వదలాలి."

సుంకులమ్మ పందిని కొలువుకూటం వెనక కట్టేశారు. రాజే స్వయంగా తవుడు కలిపి కుడితి పెట్టేవాడు. పంది తెలివైనది. అరిస్తే చాలు, కిరీటం పెట్టుకున్న మనిషి తొట్టితో పరిగెత్తుకొస్తాడని రెండు పూటల్లో గ్రహించింది. పన్నుల చర్చ మధ్యలో అరిచినా, పరదేశపు రాయబారి ముందు అరిచినా రాజు లేచిపోయేవాడు.

గడువు ముగిసింది. పందిని సభలోకి తెచ్చి కట్లు విప్పారు. సుంకులమ్మ దండం పెట్టుకుని నిలబడింది.

"రా!" అన్నాడు రాజు. పంది కదల్లేదు. "రావే తల్లీ!" అని బతిమాలాడు. అది కళ్లు మూసుకుంది.

"చూశారా, మృగమే! పందులనూ ఈ పేరయ్యనూ ఇప్పుడే..."

పంది గట్టిగా అరిచింది.

రాజు తీర్పు సగంలో వదిలేసి, సింహాసనం దిగి, తొట్టి ఎత్తుకుని పరుగు తీశాడు.

"ప్రభూ!" అన్నాడు పేరయ్య. "అది పిలిచింది, తమరు వెళ్లారు. శాసనం తమరిదే. ఇప్పుడు యజమానిని వెళ్లగొడితే తమరికి వేళకు మేత ఎవరు పెడతారు?"

మీసాలకు తవుడు అంటుకున్న రాజు ఒక్క క్షణం ఉరిమి చూసి, పకపకా నవ్వేశాడు.

"పందులు ఇక్కడే ఉంటాయి. పో సుంకులమ్మా, సుఖంగా బతుకు! పేరయ్యా, ఇలా రా, ముత్యాలహారం తీసుకో!"

సరిగ్గా అప్పుడే పంది మళ్లీ అరిచింది. ఆ తొందరలో ముత్యాలహారం తొట్టిలో పడింది, తవుడు పేరయ్య దోసిట్లో పడింది.